రెండో బిడ్డ రాకముందు పెద్దపిల్లకి చదివే పుస్తకాలు: అసూయ కథలు చదవొచ్చా, వద్దా?

నిద్రచాలని అమ్మ (ప్రశ్న):

అందరికీ నమస్తే. నాకిప్పుడు ఏడో నెల. మా అమ్మాయికి మూడేళ్లు దాటాయి, పుస్తకం చదవందే నిద్రపోదు. అందుకే తమ్ముడో చెల్లో వస్తున్న సంగతి కూడా పుస్తకాలతోనే చెబుదామని "నువ్వు అక్కవి కాబోతున్నావు" తరహా బొమ్మల పుస్తకాలు కొన్ని తెచ్చాను. అందులో ఒకదాని దగ్గర చిక్కొచ్చిపడింది.

కథ మామూలే. పాప పుడుతుంది, ఇంట్లో అందరూ ఆ పాప చుట్టూనే ఉంటారు, పెద్దపిల్లకి ఒళ్లు మండుతుంది, బొమ్మలన్నీ మంచం కింద దాచేస్తుంది, దీన్ని తిరిగి ఇచ్చేద్దాం అని గోల చేస్తుంది. చివరి పేజీలో పాప నవ్వగానే ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చి ముద్దు పెట్టేస్తుంది. మా అమ్మాయి అంతా విని ఆ చివరి పేజీ గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. గబగబా వెనక్కి తిప్పి, బొమ్మలు దాచే పేజీ మీద వేలు పెట్టి "మన పాప నా బొమ్మలు తీసేసుకుంటుందా?" అని అడిగింది. అప్పటిదాకా దానికి అసలు ఆ ఊసే లేదు, పాపని ఎక్కడ పడుకోబెట్టాలి, ఏ దుప్పటి కప్పాలి అని తనే కబుర్లు చెప్పేది. ఆ రాత్రి తన కుందేలు బొమ్మని దిండు కింద పెట్టుకుని పడుకుంది.

మావారేమో "లేని ఆలోచన మనమే తలకెక్కించాం, ఇవన్నీ పక్కన పెట్టేద్దాం" అంటున్నారు. మా అక్క మాత్రం "లోపల ఉన్నదే బయటికొచ్చింది, పాప పుట్టాక రావడం కంటే ఇప్పుడే రావడం నయం కదా" అంటోంది. ఇద్దరి మాటా సబబుగానే ఉంది, నాకే ఎటూ తేలడం లేదు.

ఇలాంటి పుస్తకాలు మీ పిల్లలకి చదివినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఎలాంటివి ఎంచుకున్నారు, ఎప్పుడు మొదలుపెట్టారు? ఇంకోటి, నాకు ఆపరేషన్ కావచ్చని డాక్టరు ముందే అన్నారు, నేను ఇంట్లో లేని ఆ రోజుల గురించి చెప్పే పుస్తకం నాకైతే ఇంతవరకు కనపడలేదు.


బొమ్మలపుస్తకాల టీచర్:

నేను మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి కథలు చదివే పనిలో ఉన్నాను, ఈ ప్రశ్న ప్రతి ఏడాదీ ఎవరో ఒక అమ్మ అడుగుతూనే ఉంటుంది. మీవారు అన్నది కొట్టిపారేయాల్సిన మాట కాదు. లారీ క్రేమర్ అని తోబుట్టువుల సంబంధాల మీద చాలా ఏళ్లు పనిచేసిన అమెరికన్ పరిశోధకురాలు ఉన్నారు. ఆవిడ ఒక ప్రయోగంలో కొందరు పిల్లలకి తోబుట్టువుల కథల పుస్తకాలు, వీడియోలే ఇచ్చి చూస్తే, వాళ్ల మధ్య సఖ్యత పెరగలేదు సరికదా, తగ్గింది. ఇదేమిటా అని తర్వాత 261 పిల్లల పుస్తకాలు తీసుకుని లోపల ఏముందో లెక్కగట్టారు. మంచిగా మెలగడం ఎంత ఉందో, కొట్టుకోవడం, వెక్కిరించడం, పట్టించుకోకపోవడం దాదాపు అంతే ఉన్నాయి. పుస్తకాలన్నీ చివరికి సుఖాంతమే, కానీ దారి పొడుగునా పిల్లలు చూసేది తిట్టడం ఎలా, దాచడం ఎలా, ఏడిపించడం ఎలా అన్నదే. వాటిలో చాలా కొత్త కొత్త ఐడియాలు ఉంటాయి మరి, మన పిల్లలకి సొంతంగా తట్టనివి కూడా.

మూడేళ్ల పిల్లకి కథ అంటే మనకిలా మొదలు, నడుమ, ముగింపు కాదు. ఒక్కో పేజీ ఒక్కో బొమ్మ. పదిహేను పేజీల కోపం, ఒక పేజీ ప్రేమ ఉంటే దాని లెక్కలో అది కోపం పుస్తకమే, ముగింపు ఎంత తియ్యగా ఉన్నా సరే. మీ అమ్మాయి వెనక్కి తిప్పి ఆ పేజీ దగ్గరే ఆగిందంటే నాకేమీ ఆశ్చర్యంగా లేదు.

అందుకని నేనెప్పుడూ చెప్పేది ఒకటే. ముందు మీరొక్కరే కూర్చుని పుస్తకం తిరగేయండి. మాటలు చదవొద్దు, బొమ్మలు మాత్రమే చూడండి, ఎందుకంటే మీ అమ్మాయి చూసేది అవే. పెద్దపిల్ల మొహం ఎన్ని పేజీల్లో ముడుచుకుని ఉంది, ఎన్ని పేజీల్లో మామూలుగా ఉంది, పాపతో కలిసి ఏదైనా చేస్తున్న పేజీలు ఎన్ని. సగం కంటే ఎక్కువ ముడుచుకున్న మొహాలే ఉంటే బిడ్డ పుట్టేదాకా దాన్ని అటక మీద పెట్టేయొచ్చు. పుట్టాక అవసరం పడితే తీయండి, అప్పుడది పనికొస్తుంది కూడా, ఎందుకంటే అప్పుడు పిల్లకి నిజంగా ఆ కోపం ఉంటుంది, పుస్తకం దాని పక్కన నిలబడుతుంది. ఇప్పుడేమో కోపం లేకుండానే దాని బొమ్మలు చూపిస్తున్నాం.

కోపం ఉన్న పుస్తకాలన్నీ ఒకటే కాదు, అదీ చెప్పాలి. ఎజ్రా జాక్ కీట్స్ రాసి బొమ్మలు వేసిన పీటర్స్ చెయిర్ అని 1967 నాటి పుస్తకం ఉంది. అందులో పీటర్ అనే పిల్లాడి పాత ఉయ్యాల మంచం, భోజనం కుర్చీ అన్నిటికీ చెల్లెలి కోసం గులాబీ రంగు వేసేస్తుంటారు. వాడికి మండిపోయి, రంగు వేయని తన బుల్లి కుర్చీ ఒక్కటి తీసుకుని కుక్కతో సహా ఇంట్లోంచి బయటికి వెళ్లిపోతాడు. తీరా అందులో కూర్చోబోతే పట్టదు, పెరిగిపోయాడు కదా. ఆ తర్వాత నాన్నతో కలిసి ఆ కుర్చీకి తనే రంగు వేస్తాడు. చూడండి, వాడికి ఎవరూ నీతి చెప్పలేదు, పాపని ఎవరూ ఏమీ అనలేదు, కోపం ఒక వస్తువు మీద, అది తీరింది కూడా ఆ వస్తువు దగ్గరే. మీ అమ్మాయి కుందేలు గొడవకి ఇది సరిగ్గా సరిపోయే కథ. అది ఏ భాషలో ఉన్నా పర్లేదు, బొమ్మలు చూపిస్తూ మీ మాటల్లో చెప్పేయండి.


ఇద్దరి నాన్న:

టీచర్ గారి మాటని పూర్తిగా కాదనను కానీ కొంచెం గట్టిగానే విభేదిస్తాను. మా పెద్దాడికి రెండోది పుట్టేసరికి ఆరేళ్లు. వాడికి ముందు తెచ్చినవన్నీ తియ్యటి పుస్తకాలే, అన్నయ్య నవ్వుతూ ఉయ్యాల ఊపుతుంటాడు, అన్నయ్య నవ్వుతూ పాలసీసా పట్టుకుంటాడు, ఒక్క పేజీలో కూడా ఎవరికీ విసుగు రాదు. వాడు రెండోసారికే "ఇవన్నీ అబద్ధాలు నాన్నా" అని తేల్చేశాడు. వాళ్ల ఫ్రెండ్ ఇంట్లో అప్పటికే చిన్నపిల్ల ఉంది, వాడికి సంగతి తెలుసు.

తర్వాత కెవిన్ హెంక్స్ రాసిన జూలియస్ (1990లో వచ్చింది, పూర్తి పేరు జూలియస్, ద బేబీ ఆఫ్ ద వరల్డ్) చదివాం. అందులో లిల్లీ అని ఎలుకపిల్ల తమ్ముణ్ని పచ్చిగా అసహ్యించుకుంటుంది, వాడికి వినపడేలా తిక్క మాటలు చెబుతుంది, అమ్మానాన్నలు ఎంత నచ్చజెప్పినా వినదు. చివరికి వాళ్ల చుట్టాలమ్మాయి వచ్చి జూలియస్‌ని తీసిపారేసినట్టు మాట్లాడేసరికి లిల్లీకి పౌరుషం పొడుచుకొస్తుంది. మా తమ్ముణ్ని నేననాలి కానీ నువ్వెవరు అనడానికి అన్నట్టు! మావాడు పడీపడీ నవ్వాడు. లిల్లీ మాటలు వాడు ఎత్తుకుంటాడేమోనని మా ఆవిడ భయపడింది, ఒకట్రెండు ఎత్తుకున్నాడు కూడా, కానీ ఆట కోసమే.

అంటే నా లెక్క ప్రకారం తేడా అంతా వయసులో ఉంది. ఐదారేళ్ల పిల్లలకి "ఈమె అతి చేస్తోంది" అని అర్థమవుతుంది, నవ్వొస్తుంది, ఆ నవ్వులోనే వాళ్ల కోపం కూడా కొంత దిగిపోతుంది. మూడేళ్ల పిల్ల అదే పుస్తకాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటుంది. కాబట్టి మీ అమ్మాయికి ఇప్పుడే జూలియస్ చదవమని నేనూ అనను. కానీ అసూయ మాటే ఎత్తని పుస్తకాలే చదివితే, రేపు నిజంగా కోపం వచ్చినప్పుడు "నేనొక్కదాన్నే చెడ్డదాన్ని" అనుకోదా?

ఇంకో విషయం, అన్ని పుస్తకాల్లోనూ నాకు ఒళ్లుమండేది "నీతో ఆడుకోడానికి ఫ్రెండ్ వస్తోంది" అనడం. ఎక్కడి ఫ్రెండ్ అండీ! పుట్టిన బిడ్డ రోజుకి 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది, అదీ ముక్కలు ముక్కలుగా. 20, 30 సెంటీమీటర్లు దాటి ఏదీ సరిగ్గా కనపడదు. మెడ నిలవదు. మనల్ని చూసి నవ్వడానికే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, ఆసరా లేకుండా కూర్చోడానికి ఆరు నెలలో ఇంకాస్త ఎక్కువో. ఆటకి ఫ్రెండ్ వస్తుందని బంతి పట్టుకుని కూర్చున్న పిల్లకి ఎర్రగా ముడుచుకుపోయి కేర్ కేర్ మనే ముద్ద చేతికిస్తే మోసపోయినట్టు ఉండదా? అసూయ కథల కంటే ఈ అబద్ధమే ఎక్కువ చేటు చేస్తుందని నా అనుమానం.


నిద్రచాలని అమ్మ:

అయ్యో, "ఫ్రెండ్ వస్తోంది" అని మా ఇంట్లో దాదాపు అందరూ అంటున్నారు 😅 ఇవాళే ఆపిస్తాను.

టీచర్ గారూ, మీరు చెప్పినట్టు బొమ్మలు మాత్రమే చూస్తూ నా దగ్గరున్న నాలుగూ తిరగేశాను. రెండింటిలో పెద్దపిల్ల మొహం మొదటినుంచి చివరిదాకా ముడుచుకునే ఉంది, మాటలు చదువుతున్నప్పుడు నాకది తెలియనే లేదు. ఒకటి బాగుంది, పాప ఏం చేయగలదు ఏం చేయలేదు అని వరసగా చూపిస్తుంది. కానీ ఆస్పత్రి సంగతి మాత్రం దేంట్లోనూ లేదు, ఒక పేజీలో అమ్మకి పెద్ద పొట్ట, పేజీ తిప్పగానే చేతిలో పాప, అంతే. అదే కదా మా అమ్మాయి అడిగేది, ఆ మధ్యలో నువ్వెక్కడికెళ్తావు అని.


కత్తెర జిగురు:

ఆ పుస్తకం మీకు ఎక్కడా దొరకదు అండీ, ఎందుకంటే అది మీ ఇంటి కథ. మీరే చేసుకోవాలి. భయపడకండి, బొమ్మలు వేయడం రానక్కర్లేదు, ఫొటోలు, జిగురు, మందపాటి కాగితాలు చాలు. పది పన్నెండు పేజీలు మించొద్దు.

మేం చేసినదాంట్లో మొదటి సగం పెద్దదాని గురించే. తను నా కడుపులో ఉన్నప్పటి నా ఫొటో, పుట్టిన రోజు ఫొటో, వాళ్ల నాన్న చేతిలో గుక్కపట్టి ఏడుస్తున్న ఫొటో, స్నానం తర్వాత తువ్వాల్లో చుట్టిన ఫొటో, మొదటిసారి నిలబడ్డ ఫొటో. కింద ఒక్కో వాక్యం, "నువ్వు ఇంత ఉండేదానివి. నీకు మెడ నిలిచేది కాదు, నాన్న ఇలా చెయ్యి పెట్టి పట్టుకునేవాడు." ఏడుస్తున్న ఫొటో తప్పకుండా పెట్టండి, అందరూ నవ్వే ఫొటోలే ఏరతారు. మా పెద్దదానికి అన్నిటికంటే నచ్చింది ఆ ఏడుపు ఫొటోనే, "నేనెందుకు ఏడ్చాను, నువ్వేం చేశావు" అని ప్రతి రాత్రీ అడిగేది, తర్వాత తమ్ముడు ఏడ్చినప్పుడు కంగారు పడకుండా వాడికి ఏం కావాలో తనే లెక్కలు కట్టేది.

రెండో సగం రాబోయే రోజులు. ఆస్పత్రి భవనం బయటినుంచి ఒక ఫొటో. అమ్మ సంచి సర్దుకుని తలుపు దగ్గర. ఆ తర్వాతి పేజీ చాలా ముఖ్యం, ఆ రాత్రి పిల్ల పక్కన ఎవరు పడుకుంటారో వాళ్లూ పిల్లా కలిసి ఉన్న ఫొటో. "అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు నీకు కథ చదివేది పిన్ని" అనో ఎవరైతే వాళ్లనో రాయండి, మంచం అదే, దుప్పటి అదే, కుందేలు అదే అని కూడా కనపడాలి. ఆస్పత్రి మంచం మీద అమ్మ బొమ్మ ఒకటి గీసి, చేతికి సూది, సెలైన్ గొట్టం కూడా గీయండి. చూడ్డానికి వచ్చినప్పుడు పిల్లలు జడుసుకునేది ఆ గొట్టాన్ని చూసే, బిడ్డని చూసి కాదు.

మీకు ఆపరేషన్ అయితే ఇంకో పేజీ కావాలి. కోత మానేదాకా కొన్ని వారాల పాటు బరువులు ఎత్తొద్దంటారు, మూడేళ్ల పిల్లని ఎత్తుకోవడం ఆ బరువుల్లోకే వస్తుంది. ఇది ముందు చెప్పకపోతే పిల్లకి అర్థమయ్యేది ఒకటే, పాపని ఎత్తుకుంటోంది, నన్ను ఎత్తుకోవడం లేదు. అందుకని "అమ్మ పొట్ట మీద కుట్లు ఉంటాయి. అమ్మ నిన్ను ఎత్తుకోలేదు, నువ్వే మంచం ఎక్కి అమ్మ పక్కన పడుకోవచ్చు" అని రాసి, ఆ ఫొటో ఇప్పుడే తీసి అతికించండి, ఆమె మంచం ఎక్కుతున్నట్టు.

చివరి పేజీ ఖాళీగా వదిలేసి చుట్టూ గడి గీయండి, అందులో పాప ఫొటో పెద్దపిల్లే అతికిస్తుంది. "తమ్ముడు వచ్చాడు" అని ముందే రాసేయకండి, చెల్లి వస్తే మళ్లీ చింపుకోవాలి. తేదీ కూడా వద్దు. ఈ వయసు పిల్లలకి తేదీ తెలియదు, పైగా బిడ్డలు తేదీ చూసుకుని రారు. చలి తగ్గాక అనో, ఫలానా పుట్టినరోజు అయ్యాక అనో చెబితే పట్టుకోగలరు.


నిశ్శబ్దంగా చదివే మనిషి:

కడుపులో పాప ఎలా ఉంటుంది అని చెప్పే పుస్తకం ఒక్కటి కూడా పెట్టుకోండి. చాలామంది "పొట్టలో పాప ఉంది" అని వదిలేస్తారు, మూడేళ్ల పిల్లకి పొట్ట అంటే తిన్నది వెళ్లే చోటు. అమ్మ పాపని మింగేసిందా, నేను తిన్నదంతా దాని మీద పడుతుందా అని నిజంగానే భయపడే పిల్లలున్నారు. తిన్నది వెళ్లే సంచి వేరు, పాప పెరిగే సంచి వేరు, దాన్ని గర్భసంచి అంటారు అని బొమ్మ చూపించి చెబితే చాలు, నాలుగు ప్రశ్నలు అడిగి వదిలేస్తారు. ఎలా బయటికొస్తుంది అని అడిగితే అదీ ఉన్నదున్నట్టే ఒక్క వాక్యంలో. మనకే సిగ్గు కానీ వాళ్లకేం ఉంది.

ఏడో నెల అన్నారు కదా, లోపలి బిడ్డకి ఈపాటికి శబ్దాలు వినపడతాయి. మీ అమ్మాయికి బట్టీ వచ్చిన పుస్తకం ఏదైనా ఉంటే పొట్టకి ఆనుకుని అదే పాపకి "చదవమనండి". కొత్తది కాదు, దానికి బాగా వచ్చింది. తలకిందులుగా పట్టుకుని చదివినా సరే.

(మీకు సంబంధం లేదు కానీ, దత్తత తీసుకునేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: ఈ పుస్తకాల్లో తొంభై పాళ్లు అమ్మ పొట్టతోనే మొదలవుతాయి, పెద్దపిల్ల "మరి మన పాప ఎవరి పొట్టలో ఉంది" అని అడగడం ఖాయం, దానికి జవాబు ముందే అనుకుని ఉండండి. లేదంటే పాప ఇంటికొచ్చాక కథ మొదలయ్యే పుస్తకాలు వెతుక్కోండి.)


ఇద్దరి నాన్న:

కత్తెర జిగురు గారి ఐడియా అదిరింది. ఒక్క సందేహం, మొదటి సగమంతా పెద్దపిల్ల పసితనమే అయితే, నువ్వూ ఇలా చిన్నగా ఉన్నప్పుడు అందరూ ఎత్తుకునేవాళ్లు అని గుర్తు చేసి, మళ్లీ చిన్నదాన్ని అయిపోతా అని గారం పోయేలా చేయదూ? మావాడు ఆరేళ్లవాడు కూడా పాలసీసా కావాలని మొండికేశాడు కొన్నాళ్లు.


కత్తెర జిగురు:

గారం పోతే పోనివ్వండి, పుస్తకం చూసినా చూడకపోయినా అది వస్తుంది. పక్క తడపడం మళ్లీ మొదలవడం, సీసా అడగడం, పసిపిల్లలా మాట్లాడటం, ఇవన్నీ చిన్నవాళ్లు పుట్టాక కొన్నాళ్లు చాలామంది పిల్లలు చేసేవే, వాటంతట అవే సర్దుకుంటాయి. సీసా ఇచ్చి చూడండి, రెండు గుక్కలు తాగి అవతల పడేస్తారు. నాకు చిరాకు తెప్పించేది రెండో రకం పుస్తకాలు, "నువ్విప్పుడు పెద్దదానివి, పెద్దవాళ్లు ఏడవరు, పెద్దవాళ్లు అమ్మకి సాయం చేస్తారు" అని పేజీ పేజీకీ ఊదరగొట్టేవి. మూడేళ్లకే ఉద్యోగంలో చేర్చుకుంటున్నట్టు! డైపర్ అందివ్వడం సరదాగా ఉన్నంతసేపే సాయం, ఆ తర్వాత అది చాకిరీ.


బొమ్మలపుస్తకాల టీచర్:

ఇద్దరి నాన్నగారూ, వయసు గురించి మీరన్నదానికి నేను ఒప్పుకుంటున్నాను, జూలియస్ లాంటివి నేను కూడా ఐదు దాటిన పిల్లలకే చదువుతాను. అసూయ మాటే ఎత్తొద్దని నా ఉద్దేశం కాదు. కథలో అది ఉండొచ్చు, కథంతా అదే కాకూడదు. జాన్ బర్నింగ్‌హామ్ రాసి ఆయన భార్య హెలెన్ ఆక్సెన్‌బరీ బొమ్మలు వేసిన దేర్స్ గోయింగ్ టు బి ఎ బేబీ (2010) చూడండి. అమ్మా కొడుకూ ఎక్కడెక్కడికో తిరుగుతూ, పుట్టబోయే పాప పెద్దయ్యాక ఏమవుతుంది, వంటవాడా, తోటమాలా, ఓడ నడుపుతాడా అని ఊహించుకుంటూ ఉంటారు. మధ్యమధ్యలో ఆ పిల్లాడు "అసలు మనకి పాప అవసరమా" అన్నట్టు మాట్లాడేస్తుంటాడు, అమ్మ ఉలిక్కిపడదు, తప్పు అనదు, కబుర్లు సాగిపోతూనే ఉంటాయి. మూడేళ్ల పిల్లకి అసూయ ఆ పాళ్లలో ఉంటే చాలు.

ఈ పుస్తకం గురించి ఎందుకు చెప్తున్నానంటే, అందులో పుట్టని బిడ్డ గురించి ఒక మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడుకుంటారు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో జూడీ డన్, కరోల్ కెండ్రిక్ అనే ఇద్దరు పరిశోధకులు 40 కుటుంబాలని రెండో బిడ్డ పుట్టకముందు నుంచీ చూస్తూ వచ్చి 1982లో ఒక పుస్తకం వేశారు. పుట్టిన మొదటి వారాల్లోనే అమ్మ పెద్దపిల్లతో "ఎందుకు ఏడుస్తోందంటావు, ఆకలేమో, నీ గొంతు వినాలనుందేమో" అని, పాపకీ ఇష్టాయిష్టాలు ఉంటాయన్నట్టు మాట్లాడిన ఇళ్లలో, తర్వాత నెలల్లో పిల్లలిద్దరి మధ్య స్నేహం ఎక్కువ కనపడింది. కాబట్టి ఏ పుస్తకం చదివినా పేజీ దగ్గర ఆగి "ఈ పాపకి ఇప్పుడేం కావాలంటావు?" అని అడగండి. పెద్దపిల్ల మొహం చూపించి ఎలాగూ అడుగుతాం, పాప మొహం చూపించి ఎవరూ అడగరు.

పాప పుట్టాక ఒక పుస్తకాల బుట్ట మీరు పాలిచ్చే చోటే పెట్టుకోండి, అక్కాచెల్లెళ్ల కథలు కాదు, లారీలు, ఏనుగులు, దానికి ఏవి ఇష్టమైతే అవి. పాలిచ్చే టైంలో ఒక చెయ్యి ఖాళీయే. చాలా ఇళ్లలో పెద్దపిల్లలు పేచీ పెట్టేది సరిగ్గా ఆ టైంలోనే.


నిద్రచాలని అమ్మ:

అందరికీ బోలెడు థ్యాంక్స్. ఫొటోలు ఏరడం మొదలుపెట్టాం, మావారే ఎక్కువ హుషారుగా ఉన్నారు, పుస్తకాలు వద్దన్న మనిషి. మా అక్క ఈ పేజీ అంతా చదివి "నేను చెప్పిందే కదా" అంటోంది, మావారూ అదే అంటున్నారు 😀

చివరగా ఒక్క డౌట్. ఆ బొమ్మలు దాచే పుస్తకం నేను బీరువాలో పెట్టేశాను. నిన్న అది గుర్తుపెట్టుకుని మళ్లీ కావాలని అడిగింది. లేదని చెప్పనా, ఇవ్వనా?


బొమ్మలపుస్తకాల టీచర్:

ఇచ్చేయండి. మీరు తీసి చదవడం వేరు, అది అడిగి తెప్పించుకోవడం వేరు. అడిగిందంటే అందులో దానికింకా తేలని సంగతి ఏదో ఉందన్నమాట, దాస్తే అది ఇంకా పెద్దదవుతుంది. కాకపోతే గబగబా చివరిదాకా లాగేయొద్దు. బొమ్మలు దాచే పేజీ దగ్గర ఆగండి, దాన్నే మాట్లాడనివ్వండి, "అలా తీసుకోదులే" అని వెంటనే సర్దిచెప్పేయొద్దు, ఎందుకంటే ఏడాది తిరిగేసరికి తీసుకుంటుంది, అన్నీ నోట్లో పెట్టుకుంటుంది. ఏవి పాపకి ఇవ్వొచ్చు, ఏవి తనకి మాత్రమే అని దాన్నే విడదీయమనండి, తనవి పెట్టుకోడానికి పాపకి అందని ఎత్తులో ఒక అర ఇవ్వండి. కుందేలు పోయి అక్కడ కూర్చుంటుంది.


కత్తెర జిగురు:

ఆ అర ఫొటో కూడా పుస్తకంలో ఒక పేజీ చేసేయండి. ఆస్పత్రి పేజీకి ముందు పెట్టండి, తర్వాత కాదు.